రిపోర్టు వచ్చేదాకా: పినపాక దారిలో ఒక వైద్య ఆచారపు చరిత్ర

గోదావరి కుడి గట్టున, ఏటూరునాగారం అడవులకు దిగువన, మణుగూరు బొగ్గు గనులకు ఎగువన ఉన్న పినపాక, పాలనా పటం మీద పలుమార్లు చోటు మార్చుకున్న ప్రాంతం. నైజాం కాలంలో వరంగల్ జిల్లాలో ఉండి, 1953లో ఖమ్మం జిల్లా ఏర్పడినప్పుడు అందులో చేరి, 2016 అక్టోబరు 11న భద్రాద్రి కొత్తగూడెం జిల్లాలో భాగమైంది. ఆ పునర్విభజనలోనే కరకగూడెం దాని నుంచి వేరే మండలంగా విడిపోయింది. జిల్లా కేంద్రం దగ్గరికి జరిగినా, పెద్ద జబ్బు చేసిన మనిషి ఈ అడవి అంచు నుంచి పెద్ద వైద్యం ఉన్న చోటికి చేరడానికి పట్టే కాలం మాత్రం ఆ మేరకు తగ్గలేదు. ఇక్కడి నుంచి వరంగల్ సుమారు 150 కిలోమీటర్లు, హైదరాబాదు సుమారు 300 కిలోమీటర్లు. ఆ దారి అంతా గడిచి వచ్చిన పక్షవాత రోగి, స్కానింగ్ గది గుమ్మం ముందు మరికొంత సేపు ఆగవలసి రావడం వెనుక ఒక వైద్య ఆచారం ఉంది. ‘క్రియాటినిన్ రిపోర్టు వచ్చాకే డై ఎక్కిస్తాం’ అన్న ఒక్క వాక్యంలో అది ఇమిడి ఉంటుంది. అది ఎక్కడ పుట్టిందో, ఎందుకు పాతుకుపోయిందో, ఏ పరిశోధనలు దాని పునాదిని కదిలించాయో తెలుసుకోవడం పినపాక వంటి దూరపు ప్రాంతాలకు కేవలం పాండిత్య విషయం కాదు.

మెదడుకు వెళ్లే రక్తనాళాల బొమ్మ తీయాలంటే, సీటీ యంత్రంలో పడుకోబెట్టిన మనిషి చేతి సిరలోకి అయోడిన్ కలిసిన ద్రవాన్ని ఎక్కించాలి. ఎక్స్ కిరణాలు మెత్తని కండనూ రక్తాన్నీ ఇంచుమించు ఒకే తీరుగా దాటిపోతాయి కాబట్టి వాటి మధ్య తేడా తెలియదు. అయోడిన్ పరమాణువు బరువైనది కావడం వల్ల ఆ కిరణాలను అడ్డుకుంటుంది, అది పారినంత మేరా నాళం తెల్లగా తేలి కనబడుతుంది, ఎక్కడ గడ్డ అడ్డుపడిందో అక్కడ ఆ తెల్లని గీత తెగిపోతుంది. ఈ ద్రవాన్ని వైద్యులు కాంట్రాస్ట్ అంటారు, ఆసుపత్రి సిబ్బంది డై అంటారు, ఊళ్లలో రంగు మందు అంటారు. నిజానికి దానికి రంగు లేదు, చూడటానికి నీళ్లలాగే ఉంటుంది. పని ముగిశాక కొద్ది గంటల్లో అది మూత్రపిండాల గుండానే బయటికి పోతుంది. కండరాల వాడకంలో పుట్టే క్రియాటినిన్ అనే వ్యర్థ పదార్థం కూడా ఆ దారినే పోతుంది కాబట్టి, రక్తంలో దాని మోతాదు పెరిగిందంటే వడపోత మందగించిందని అర్థం చేసుకుంటారు. ఆరోగ్యవంతుల్లో అది డెసిలీటరుకు సుమారు ఒక మిల్లీగ్రాము ఉంటుంది. వయసు, స్త్రీ పురుష భేదం లెక్కలోకి తీసుకుని ఆ అంకె నుంచి కట్టే వడపోత అంచనాను ఈజీఎఫ్‌ఆర్ అంటారు. అది 60కి దిగువన నెలల తరబడి ఉంటే దీర్ఘకాలిక మూత్రపిండ వ్యాధిగానూ, 30కి దిగువన ఉంటే తీవ్రమైన దశగానూ పరిగణిస్తారు.

ఈ అడవి అంచున మూత్రపిండాలు దెబ్బతినడం కాంట్రాస్ట్ మందుతో మొదలైన సంగతి కాదు. 1897 ఆగస్టులో రొనాల్డ్ రాస్ సికింద్రాబాదులో దోమ కడుపులో మలేరియా క్రిమిని చూసేనాటికే, గోదావరి మన్యం అంటే జ్వరాల సీమ అనే పేరు అధికారులను భయపెడుతూ వచ్చింది. మలేరియాలో ఫాల్సిపారం అనే తీవ్రమైన రకం ఎర్ర రక్తకణాలను పగలగొట్టి, మూత్రాన్ని నల్లబరచి, మూత్రపిండాలను ఆపివేయగలదు. పొలం గట్లలో తిరిగే రక్తపింజర కాటు రక్తం గడ్డకట్టే తీరును తారుమారు చేసి మూత్రపిండాలను దెబ్బతీస్తుంది. ఒంట్లో నీరు ఇంకిపోయేటంతగా వాంతులూ విరేచనాలూ అయితే, వడపోతకు కావలసిన రక్తపు ఒత్తిడి తగ్గి మూత్రపిండాలు ఒకటి రెండు రోజుల్లోనే మొరాయిస్తాయి. వీటికి తోడు, ఎండలో ఒళ్లు వంచి పనిచేసేవారు నడుము నొప్పికీ కీళ్ల నొప్పికీ ఏళ్ల తరబడి మింగే నొప్పి మాత్రలు వచ్చి చేరాయి. ఆంధ్రప్రదేశ్‌లో శ్రీకాకుళం జిల్లా ఉద్దానం ప్రాంతం, కారణం తేలని దీర్ఘకాలిక మూత్రపిండ వ్యాధితో దేశమంతటికీ తెలిసిన తరువాత తెలుగువారిలో కిడ్నీ అనే మాటకు ఒక భయం తోడైంది. ఆ భయానికి కారణాలు నిజమైనవే. అయితే పైన చెప్పిన కారకాల వరుసలో స్కానింగ్ మందుకు ఎంత పాలు ఉన్నదనే ప్రశ్నకు జవాబు వెతకాలంటే వైద్య చరిత్రలో వంద సంవత్సరాల వెనక్కి వెళ్లవలసి ఉంటుంది.

రాంట్‌జెన్ 1895 నవంబరులో ఎక్స్ కిరణాలను కనుగొన్న రెండు నెలలకే, 1896 జనవరిలో వియన్నా నగరంలో ఒక శవపు చేతి నాళాల్లోకి సున్నమూ పాదరసపు సమ్మేళనమూ కలిసిన ద్రవాన్ని ఎక్కించి బొమ్మ తీశారు. బతికున్న మనిషికి అది పనికిరాదు. బతికినవారికి పనికివచ్చే పదార్థం 1923లో అమెరికాలోని మేయో క్లినిక్‌లో, వేరే పని చేస్తుండగా దొరికింది: సుఖరోగానికి చికిత్సగా సోడియం అయోడైడ్ ఇచ్చిన రోగుల మూత్రాశయం ఎక్స్‌రేలో తెల్లగా కనబడటాన్ని అక్కడి వైద్యులు గమనించారు. నాలుగేళ్ల తరువాత, 1927లో, లిస్బన్‌లో ఎగాష్ మొనీష్ అనే పోర్చుగీసు వైద్యుడు మెడలోని ధమనిలోకి ఆ ద్రవాన్ని పంపి మెదడు నాళాల బొమ్మను తొలిసారి సాధించాడు. అంతకుముందు ఆయన వాడిన స్ట్రాన్షియం బ్రోమైడ్ ఒక రోగి ప్రాణం తీసింది. తరువాత కొన్నాళ్లు వాడుకలో ఉన్న థోరియం ద్రవం రోగి ఒంట్లోనే ఉండిపోయి, దశాబ్దాల అనంతరం కాలేయ క్యాన్సరుకు కారణమైంది. 1929లో మోజెస్ స్విక్ అనే యువ అమెరికా వైద్యుడు బెర్లిన్‌లో చేసిన కృషి ఫలితంగా, అయోడిన్‌ను కర్బన సమ్మేళనంలో బిగించిన యురోసెలెక్టాన్ అనే మందు వెలువడింది. సిరలోకి ఎక్కిస్తే మూత్రపిండాల్లో చేరి వాటి ఆకారాన్ని చూపడం దాని పని. తెలుగు ఆసుపత్రుల్లో కిడ్నీలో రాళ్లు వెతకడానికి చాలాకాలం వాడిన ఐవీపీ పరీక్ష దాని వంశంలోనిదే. మూత్రపిండాన్ని కళ్లారా చూపడానికి తయారైన మందే తరువాతి రోజుల్లో మూత్రపిండానికి శత్రువనే అపవాదు మోయడం ఈ చరిత్రలో ప్రత్యేకంగా గమనించవలసిన విషయం.

అపవాదుకు మొదటి ఆధారం 1954లో డెన్మార్క్ నుంచి వచ్చింది. ఎముక మూలుగలో పుట్టే మైలోమా అనే క్యాన్సరు ఉన్న ఒక రోగికి ఐవీపీ చేసిన తరువాత మూత్రం పూర్తిగా ఆగిపోయిందని అక్కడి వైద్యులు నివేదించారు. ఆ వ్యాధిలో పుట్టే మాంసకృత్తులు మూత్రపిండపు సన్నని గొట్టాలను తమంతట తామే పూడ్చివేయగలవు. పైగా ఆ రోజుల్లో పరీక్షకు ముందు రోగికి మంచినీళ్లు ఇవ్వకుండా గంటల తరబడి ఉంచేవారు, ఎందుకంటే ఒంట్లో నీరు తక్కువైతే బొమ్మ చిక్కగా వస్తుందని నమ్మకం. మందు, వ్యాధి, దాహం అనే మూడింటిలో దోషం దేనిదో తేల్చే పరిశీలన ఆనాడు జరగలేదు. అయినా ఆ కాలపు మందులు నిరపాయమైనవని చెప్పడానికి వీలులేదు. వాటిలో కరిగిన కణాల గాఢత రక్తంలోని గాఢతకు అయిదారు రెట్లు ఉండేది. సిరలో పడగానే ఒళ్లంతా మంట పుట్టేది, నాళాల గోడల నుంచి నీటిని లాగేది, మూత్రపిండం లోపలి పొరలో మామూలుగానే తక్కువగా ఉండే ప్రాణవాయువును ఇంకా తగ్గించేది. గుండె నాళాల పరీక్షలో ఆ మందును బృహద్ధమనిలోకి పెద్ద మోతాదులో నేరుగా పంపేవారు కాబట్టి, పలచబడకముందే మూత్రపిండాలకు చేరే అవకాశం ఉండేది.

స్వీడన్ రేడియాలజిస్టు టోర్‌స్టెన్ ఆల్మెన్ 1960ల చివరలో ఈ మంటకు కారణం మందు గాఢతే అని గ్రహించి, ద్రవంలో విద్యుదావేశ కణాలుగా విడిపోని అయోడిన్ అణువు ఒకటి కావాలని ప్రతిపాదించాడు. నార్వే కంపెనీ ఒకటి ఆ ఆలోచనను అందిపుచ్చుకోగా 1980ల్లో అయోహెక్సాల్, ఆ తరువాతి దశకంలో రక్తంతో సమాన గాఢత ఉన్న అయోడిక్సనాల్ వచ్చాయి. నేడు సీటీ గదుల్లో వాడేవి ఈ తరం మందులే. మందు మారినా భయం మాత్రం పాత మందుకు తగినంతగానే మిగిలిపోయింది. దీనికి కారణం ఆ భయం ఒక నిర్వచనంగా పుస్తకాల్లోకి ఎక్కడం: కాంట్రాస్ట్ ఎక్కించిన రెండు మూడు రోజుల్లో క్రియాటినిన్ 0.5 మిల్లీగ్రాములు గానీ 25 శాతం గానీ పెరిగితే అది మందు వల్ల కలిగిన మూత్రపిండ హాని అని లెక్కవేయడం అలవాటైంది. మందు తరువాత పెరిగినదంతా మందు వల్లనే పెరిగిందని చెప్పడానికి, మందు ఇవ్వనివారిలో ఎంత పెరుగుతుందో తెలియాలి కదా. ఆ చిన్న ప్రశ్న అడగకుండానే దశాబ్దాలు గడిచాయి.

అడిగినవారికి దిగ్భ్రాంతి కలిగించే జవాబు దొరికింది. 2006లో రావు, న్యూహౌస్ అనే ఇద్దరు పరిశోధకులు ఈ విషయం మీద వచ్చిన మూడు వేలకు పైగా వ్యాసాలను జల్లెడ పట్టి చూడగా, సిరలోకి ఎక్కించిన మందును గురించి మందు ఇవ్వనివారితో పోల్చి చూసినవి రెండంటే రెండే తేలాయి. తరువాత రెండేళ్లకు న్యూహౌస్ బృందం అసలు కాంట్రాస్ట్ తగలని ఆసుపత్రి రోగుల రక్త పరీక్షలను వరుసగా పరిశీలించింది. వారిలో సగానికి పైగా మందికి క్రియాటినిన్ కనీసం 25 శాతం అటో ఇటో మారింది. ఆ రోగులకే స్కానింగ్ చేసి ఉంటే, పెరిగిన వారందరి ఖాతాలోనూ దోషం మందు మీద పడేది. 2013 నుంచి మేయో క్లినిక్, మిచిగన్ విశ్వవిద్యాలయం వారు వేల మంది రోగుల్లో ఒకే తీరు జబ్బు ఉన్నవారిని జతకూర్చి, మందు పొందినవారినీ పొందనివారినీ పోల్చి చూశారు. వడపోత బాగున్నవారిలో తేడా దాదాపు లేదని ఇద్దరూ తేల్చారు. వడపోత 30కి దిగువన ఉన్నవారి విషయంలో మాత్రం వారి మధ్య ఏకాభిప్రాయం కుదరలేదు.

రక్షణ పేరుతో చేసే పనులకూ అదే గతి పట్టింది. 2000లో ఒక జర్మన్ బృందం అసిటైల్ సిస్టీన్ అనే దగ్గు మందు మూత్రపిండాలను కాపాడుతుందని ప్రకటించగానే ప్రపంచమంతటా స్కానింగ్‌కు ముందు ఆ మాత్రలు మింగించడం పద్ధతిగా మారింది. సుమారు 5,000 మందిపై జరిగిన ప్రిజర్వ్ పరిశోధన 2018లో దానివల్ల ప్రయోజనం లేదని తేల్చింది. నెదర్లాండ్స్‌లో మాస్ట్రిక్ట్ వైద్యులు 2017లో ప్రచురించిన అమేసింగ్ పరిశోధనలో, వడపోత 30 నుంచి 59 మధ్య ఉన్న రోగుల్లో సెలైన్ ఎక్కించినవారిలో 2.7 శాతానికీ, ఏమీ ఎక్కించనివారిలో 2.6 శాతానికీ క్రియాటినిన్ పెరిగింది. 2020లో అమెరికా రేడియాలజీ కళాశాల, ఆ దేశపు జాతీయ కిడ్నీ సంస్థ కలిసి, జాగ్రత్త ప్రధానంగా అవసరమయ్యేది వడపోత 30కి దిగువన ఉన్నవారికీ, అప్పటికే మూత్రపిండాలు హఠాత్తుగా దెబ్బతిని ఉన్నవారికీ అని ప్రకటించాయి. ప్రమాదం లేదని దీని అర్థం కాదు, ప్రమాదం ఉన్న గుంపు అనుకున్నదానికంటే చాలా చిన్నదని అర్థం.

పక్షవాతం సంగతికి వస్తే కాలపు లెక్క వేరుగా ఉంటుంది. మెదడు నాళం చిట్లి రక్తం చిందడం ఒక రకం, నాళంలో గడ్డ అడ్డుపడటం రెండో రకం. డై లేని మామూలు సీటీ మొదటిదాన్ని చూపుతుంది, రెండోదాని చోటు చూపాలంటే డై కావాలి. పెద్ద నాళం మూసుకుపోయినప్పుడు నిమిషానికి 19 లక్షల మెదడు కణాలు నశిస్తాయని 2006లో జెఫ్రీ సేవర్ అనే నరాల వైద్యుడు లెక్క కట్టాడు. గడ్డను కరిగించే ఇంజెక్షన్ గడువు 1995లో మూడు గంటలుగా నిర్ణయమై, 2008లో నాలుగున్నర గంటలకు పెరిగింది. దీనికి డై అవసరం లేదు. అయితే పెద్ద గడ్డలను ఆ ఇంజెక్షన్ తరచు కరిగించలేదు కాబట్టి, తొడ దగ్గరి ధమని గుండా సన్నని గొట్టాన్ని మెదడు దాకా పంపి గడ్డను బయటికి లాగే చికిత్స 2015లో వచ్చిన అయిదు పరిశోధనలతో నిలబడింది. 2018లో వెలువడిన డాన్ పరిశోధన, ఇంకా బతికించదగిన మెదడు భాగం మిగిలి ఉన్నట్టు బొమ్మలో తేలిన రోగులకు 24 గంటల దాకా ఆ చికిత్స పనికివస్తుందని నిరూపించింది.

ఈ 24 గంటల అంకెకు పినపాక చరిత్రలో విశేషమైన స్థానం ఉండవలసింది. మూడు గంటల గడువు, నాలుగున్నర గంటల గడువు నగరాల కోసం పుట్టినవి. వాగులు పొంగిన వానాకాలపు రాత్రి గూడెం నుంచి మంచం మీద మోసుకొచ్చిన మనిషికి అవి అందవు. పక్షవాత చికిత్స అడవి దూరాన్ని మొదటిసారిగా అందుకున్నది ఈ పెరిగిన గడువుతోనే. కానీ ఆలస్యంగా వచ్చిన రోగికి ఆ తలుపు తెరిచేది డైతో తీసే నాళాల బొమ్మా, మెదడులో రక్త ప్రసరణ బొమ్మా. ఎవరు ఎంత దూరం నుంచి, ఎంత ఆలస్యంగా వస్తే వారికి డై అంత ఎక్కువ అవసరమవుతుంది. మరో వైపు, మింగలేని స్థితిలో నీటి చుక్క లేకుండా, 45 డిగ్రీలు దాటే వేసవిలో గంటల తరబడి ప్రయాణించి వచ్చిన మనిషి రక్తంలో క్రియాటినిన్ దాహం వల్లనే కొంత పెరిగి ఉండే అవకాశం ఎక్కువ. పాత ఆచారాన్ని అక్షరాలా పాటిస్తే ముందు రిపోర్టు కోసం గంట పోతుంది, రిపోర్టు వచ్చాక అందులోని అంకె చూసి డై వద్దనే మాట వస్తుంది. అంటే దూరం చేసిన హానికి ఆచారం మరో హానిని జోడిస్తుంది. సెలైన్‌తో సరిదిద్దగల అంకె కోసం, తిరిగి రాని మెదడును పోగొట్టుకోవడాన్ని సమర్థించే ఆధారం ఈనాటి వైద్య శాస్త్రంలో లేదు.

ఈ మాట చెప్పే ధైర్యం లెక్కల నుంచి వచ్చింది. 2017లో బ్రింజిక్జీ, ఆయన సహచరులు పక్షవాత రోగుల మీద అప్పటిదాకా వచ్చిన అధ్యయనాలన్నింటినీ కలిపి చూసి, డైతో సీటీ తీసినవారిలో మూత్రపిండ హాని సుమారు 3 శాతమనీ, డై లేకుండా తీసినవారికంటే అది ఎక్కువ కాదనీ నివేదించారు. మూత్రపిండ కణాలకంటే మెదడు కణాలు ముందనే అర్థం వచ్చే పేరును ఆ వ్యాసానికి పెట్టారు. 2018 నాటి అమెరికా పక్షవాత మార్గదర్శకాలు, మూత్రపిండ వ్యాధి చరిత్ర లేని రోగికి పెద్ద నాళం మూసుకుందని అనుమానం కలిగితే క్రియాటినిన్ ఫలితం కోసం ఆగకుండా నాళాల బొమ్మ తీయడం సమంజసమని రాశాయి. రక్తం తీసి పంపడం మానమని కాదు, ఫలితం వచ్చేలోగా యంత్రాన్ని ఆపవద్దని. వడపోత బాగా తగ్గినవారి విషయంలో కూడా వైద్యుడు తూచి చూడవలసింది జీవితాంతపు వైకల్యాన్నీ, చాలా సందర్భాల్లో రోజుల్లో సర్దుకునే క్రియాటినిన్ పెరుగుదలనూ.

వైద్యం ఈ అంచుకు చేరిన తీరును చూస్తే, ఆలస్యం ఎక్కడెక్కడ పేరుకుందో తెలుస్తుంది. ఇల్లెందు బొగ్గు తవ్వకం 1889లో మొదలై, సింగరేణి సంస్థ కొత్తగూడెంలో పెద్ద ఆసుపత్రినీ, తరువాత మణుగూరులో మరో ఆసుపత్రినీ నడిపింది. అవి ప్రధానంగా కార్మిక కుటుంబాలవి, గని పక్కనే ఉన్న కోయ గూడేనికి అదే హక్కు లేదు. తెలుగు నేల మీద రేడియాలజీకి పునాది వేసినవారిలో ఒకరైన కృష్ణా జిల్లా పెదముత్తేవి వాసి డాక్టర్ కాకర్ల సుబ్బారావు, అమెరికాలో శిక్షణ పొంది ఉస్మానియా వైద్య కళాశాలలో బోధించి, నిమ్స్ తొలి సంచాలకుడిగా పనిచేశారు; కానీ ఆ విద్య పండింది హైదరాబాదులో. 2005 ఆగస్టు 15న 108 అంబులెన్సు, 2007లో ఆరోగ్యశ్రీ, 2022లో కొత్తగూడెం ప్రభుత్వ వైద్య కళాశాల వచ్చి దూరాన్ని కొంతమేర తగ్గించాయి. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో సీటీ యంత్రం ఉండదు కాబట్టి పినపాక రోగి ప్రయాణం తప్పదు. ఆ ప్రయాణం చివర ఆగడం మాత్రం చాలావరకు తప్పించదగినదే.

అందుకే పినపాక, కరకగూడెం, మణుగూరు మండలాల పాఠకులకు ఒక విన్నపం. ఇంట్లో ఎవరికైనా మూతి వంకరపోయినా, ఒక వైపు చేయి వాలిపోయినా, మాట తడబడినా, ఆ మనిషి చివరిసారి మామూలుగా ఉన్న సమయం ఎంతో గుర్తుంచుకుని 108కి ఫోన్ చేయాలి. నోట్లో నీళ్లూ పసరూ పోయకూడదు. షుగరు, బీపీ ఉన్న పెద్దలు ఉన్న ప్రతి ఇంట్లో ఆరు నెలలకొకసారి క్రియాటినిన్ పరీక్ష చేయించి, ఆ కాగితాన్ని ఆరోగ్యశ్రీ కార్డుతో కలిపి ఒకే కవరులో ఉంచుకోవాలి. స్కానింగ్ గది ముందు రిపోర్టు అడిగినప్పుడు చూపవలసింది ఆ కాగితాన్నే.